పది సెంట్ల కోసం ఆరు రోజులు

నాన్న పోయాక నా వాటాకి వచ్చింది ఎకరం ఇరవై సెంట్లు. ఉయ్యూరు దాటాక కాలవ పక్కన, నల్లరేగడి. ఇన్నాళ్ళూ కౌలుకిచ్చాం. కౌలు రైతు వరి వేసి, తర్వాత మినుములు చల్లేవాడు, ఆయన ఇచ్చే బస్తాలు మా ఇంటి బియ్యానికి సరిపోయేవి, అంతే. ఈ ఏడాది ఆయన ఒంట్లో ఓపిక లేదు, మానుకుంటానన్నాడు. నేను విజయవాడలో ఒక స్కూల్లో అకౌంట్స్ చూస్తాను, ఆదివారాలు, సెలవులు తప్ప పొలానికి వెళ్ళలేను. ఇంకొకరికి కౌలుకిచ్చేయమని ఇంట్లో అందరూ అన్నారు. నాకు మనసొప్పలేదు, కొంచెమైనా నా చేత్తో చేసుకోవాలనిపించింది.

ఆ మాట బయటికి రాగానే సలహాలు మొదలయ్యాయి. ఒకరు శ్రీగంధం పెట్టమంటే, ఒకరు డ్రాగన్ ఫ్రూట్ అన్నారు, ఇంకొకరు ఎకరానికి లక్షలు వస్తాయని చెప్పే వీడియోలు వరసపెట్టి ఫోన్‌కి పంపారు. అవి చూస్తుంటే నాకు భయమేసింది, ఎందుకంటే ఇలాంటి మాట నమ్మి నాన్న ఎలా దెబ్బతిన్నాడో నేను కళ్ళారా చూశాను. ఇరవై ఏళ్ళ కిందట సఫేద్ ముస్లి అనే మందు మొక్క పిచ్చి ఊళ్ళన్నిటికీ పాకినప్పుడు ఒక కంపెనీ వాళ్ళు వచ్చి, దుంప మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం అని స్టాంపు కాగితం మీద రాసిచ్చారు. అమ్మ గాజులు రెండు అమ్మి అర ఎకరంలో వేశాడు. పంట బాగానే వచ్చింది. తవ్వి, తొక్క తీసి, ఎండబెట్టి ఫోన్ చేస్తే అటు ఎత్తేవాళ్ళు లేరు. ఆ వేళ్ళు గోనె సంచుల్లో మా వసారాలో రెండేళ్ళు ఉన్నాయి. ఏ కిరాణా కొట్టువాడికీ అవి ఏమిటో కూడా తెలియదు.

అందుకే ఈ సారి పొలాల దగ్గర కాకుండా మార్కెట్ దగ్గర మొదలుపెట్టాలనుకున్నాను. మాఘమాసం వచ్చింది, పెళ్ళిళ్ళ రోజులు, ఏది అమ్ముడుపోతుందో తెలియడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. స్కూల్లో ఆరు రోజులు సెలవు పెట్టి, ఒక నోట్‌బుక్ కొని మూడు గళ్ళు గీసుకున్నాను. పంట ఏమిటి, ఎవరు కొంటారు, రోజుకి ఎంత కొంటారు.

మొదటి రోజు, విజయవాడ

తెల్లవారుజామున నాలుగున్నరకి పూల మార్కెట్‌కి వెళ్ళాను. బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం, గులాబీ గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, వాటి వైపు నేను ఎక్కువసేపు చూడలేదు, ఎందుకంటే అవి వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, కడియం నుంచి కూడా లారీల్లో దిగుతాయి. నేను వెతికింది ఆకుల కోసం. మరువం, దవనం, మాచిపత్రి. పెళ్ళిదండలో పువ్వు ఎంత ఖరీదైనదైనా మధ్యమధ్య మరువం గుచ్చితేనే ఆ దండకి వాసన, పూల రంగు కూడా ఆ పచ్చదనం పక్కనే తేలుతుంది. ఒక మూలన తడి గోనె మీద చిన్న చిన్న కట్టలు పేర్చుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుగా అదే చోట ఆకు అమ్ముతోందట.

"అక్కా, ఇవి ఎక్కడినుంచి వస్తాయి?" అని అడిగితే, "ఎక్కడెక్కడినుంచో వస్తాయమ్మా, రాత్రి బస్సు మీద వేస్తారు, పొద్దునకి సగం వాడిపోతాయి, దగ్గర్లో వేసేవాళ్ళు ఎవరూ లేరు" అంది. పక్కనే కూర్చుని టీ తెప్పించాను. అప్పుడు చెప్పింది అసలు సంగతి. మామూలు రోజుల్లో ఆవిడకి పట్టేది కొద్ది కట్టలే. ముహూర్తాలున్న రోజుల్లో ఎన్ని తెచ్చినా చాలవు. మూఢం వస్తే, ఆషాఢం వస్తే అడిగేవాళ్ళే ఉండరు. వినాయక చవితికి మాత్రం మాచిపత్రి ఎంతుంటే అంత పోతుంది, ఇరవై ఒక్క పత్రుల్లో మొదట పూజ చేసేది దానితోనే కదా, అయినా సిటీలో సగం మందికి ఏదో పిచ్చి ఆకు అంటగట్టి మాచిపత్రి అని చెప్తారు, నిజమైనది దొరకదు కాబట్టి.

"నేను పండిస్తే కొంటావా అక్కా?" అన్నాను. "ఎంత వేస్తావు?" అంది. అర ఎకరం అన్నాను, ఏదో నోటికొచ్చింది. ఆవిడ గట్టిగా తల అడ్డంగా ఊపింది. "అర ఎకరం ఆకు ఈ మార్కెట్ మొత్తం కలిసినా తీసుకోదు. నువ్వు పది సెంట్లు వెయ్యి, రోజు మార్చి రోజు కొంచెం కొంచెం కోసి తీసుకురా, తాజాగా తెస్తే నేను వేరేవాళ్ళ దగ్గర కొనను."

ఆ మాట నాకు ఈ ఆరు రోజుల్లో దొరికిన అన్నిటికన్నా విలువైనది. పెద్దగా తెలియని పంట అంటేనే కొనేవాళ్ళు కొద్దిమంది అని అర్థం. ఆ కొద్దిమందికి సరిపడా పండిస్తే మంచి ధర వస్తుంది, అంతకి మించి పండిస్తే పారబోసుకోవాలి. వీడియోల్లో ఎకరం లెక్క చెప్పే ఎవరూ ఈ మాట చెప్పలేదు.

తర్వాత కాళేశ్వరరావు మార్కెట్. కంద, చేమ, మామిడి అల్లం, పెండలం అమ్మే దుకాణాల దగ్గర గంటసేపు నిలబడ్డాను. పెళ్ళిళ్ళ వంటవాళ్ళు కంద కోసం వస్తున్నారు, కందాబచ్చలి కూర లేని పెళ్ళి భోజనం మన వైపు ఏముంది. శివరాత్రి దగ్గరపడుతోంది కాబట్టి చిలగడదుంపల బస్తాలు దిగుతున్నాయి. మామిడి అల్లం ఒక్క కొట్టులోనే కనిపించింది, అదీ రెండు బుట్టలు. మధ్యాహ్నం పటమట రైతు బజార్. 1999 జనవరిలో ఈ బజార్లు పెట్టినప్పుడు నాన్న నన్ను వెంటబెట్టుకుని దోసకాయలు అమ్మడానికి వచ్చిన గుర్తు, మధ్యలో దళారీ లేకుండా రైతే తూకం వేసి ఇవ్వడం ఆయనకి ఎంత సంతోషమో. ఇప్పుడు కూడా గుర్తింపు కార్డు ఉంటేనే రైతుగా కూర్చోనిస్తారు. అక్కడి అధికారిని అడిగి, కార్డుకి ఏమేం కాగితాలు కావాలో రాసుకున్నాను.

రెండో రోజు, ఉండవల్లి, పెనుమాక, పెదవడ్లపూడి

ప్రకాశం బ్యారేజీ దాటగానే గాలి మారుతుంది. ఉండవల్లి, పెనుమాక పొలాలు జరీబు భూములు, కృష్ణ ఒడ్డున పది పదిహేను అడుగుల్లోనే నీళ్ళు, ఏడాది పొడుగునా ఏదో ఒక పంట నిలబడే ఉంటుంది. రాజధాని కోసం భూసమీకరణ జరిగినప్పుడు ఈ రెండు ఊళ్ళ రైతులు ఎందుకంత పట్టుదలగా వద్దన్నారో ఆ గట్ల మీద నడిస్తే అర్థమవుతుంది. అరటి మధ్యలో కంద, కంద అంచున బచ్చలి తీగ, గట్టు మీద కరివేపాకు, ఖాళీగా ఉన్న జాగా చూద్దామన్నా కనపడలేదు.

అక్కడ ఒకాయన ముప్పై సెంట్లలో కనకాంబరం వేసి, మడుల అంచున మరువం కొమ్మలు నాటాడు. ఆయన భార్యే చెప్పింది నాకు అంతా. మరువం విత్తనం కన్నా కొమ్మతోనే సులువు, రెండు మూడు నెలలకి మొదటి కోత, మొదలంటా కొయ్యకుండా పైన కోస్తే మళ్ళీ చిగురేస్తుంది. దానికి నిలవ నీళ్ళు పడవు. "మీది నల్లరేగడి కదమ్మా, వానాకాలం నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి మొత్తం పోతుంది, ఎత్తు మడులు చేసి, పశువుల ఎరువు, ఇసుక బాగా కలుపు" అంది. దవనం సంగతి అడిగితే దానికి చలి కావాలి, మన ఎండలకి ఎదగదు, కార్తీకంలో వేసి ఎండలు ముదరకముందే కోసుకోవాలి అంది. మాచిపత్రి మాత్రం మొండి మొక్క, పిలకలు తుంచి నాటితే ఏళ్ళ తరబడి ఉంటుందట. ఆవిడ దగ్గర మాచిపత్రి లేదు. ఎక్కడ దొరుకుతుందో రెండు నర్సరీల పేర్లు చెప్పింది.

మంగళగిరి వెళ్ళే దారిలో డ్రాగన్ ఫ్రూట్ తోట ఒకటి ఆగి చూశాను. నిలువెత్తు సిమెంటు స్తంభాలు, పైన గుండ్రటి చట్రం, స్తంభానికి నాలుగు మొక్కలు. ఎకరానికి అయిదు వందల దాకా స్తంభాలు పడతాయి, అంటే రెండు వేల మొక్కలు. ఇప్పుడు కాయలు లేవు, జూన్ నుంచి నవంబర్ దాకానే. రాత్రి పూట పూసి తెల్లారేసరికి ముడుచుకునే పువ్వు, పూసిన నెలకి కాయ. ఆ రైతు నిజాయితీగా మాట్లాడాడు. మొదటి రెండేళ్ళు కారు ఆపి మరీ కొనేవాళ్ళు, చుట్టుపక్కల తోటలు పెరిగాక ధర తగ్గింది, స్తంభాలకి పెట్టిన లక్షల అప్పు మాత్రం అలాగే ఉంది అన్నాడు. మొక్క తప్పు కాదు, పంట తప్పు కాదు. స్తంభం పాతాక వెనక్కి తిరిగే వీలు లేకపోవడమే అసలు కష్టం. ఒక మడి మరువం బాగాలేకపోతే పీకేసి తోటకూర చల్లుకోవచ్చు, అయిదు వందల స్తంభాలు పీకలేం.

సాయంత్రం పెదవడ్లపూడి. కరివేపాకు తోటలు చూడాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. కరివేపాకు కూడా తెలియని పంటా అంటే, పెరట్లో చెట్టుగా అందరికీ తెలుసు, పొలంలో పైరుగా వేసి కోసే ఊళ్ళు కొన్నే. దగ్గర దగ్గరగా నాటి, చెట్టుగా ఎదగనివ్వకుండా ఏడాదికి మూడు నాలుగు కోతలు తీస్తారు, ఒకసారి పెడితే పదేళ్ళు దాటినా ఉంటుంది. ధర మాత్రం చాలా ఊగుతుంది. అక్కడ ఒక పెద్దాయన నాతో బాధగా అన్న మాట, ఆకు మచ్చ లేకుండా ఉండాలని అందరూ మందులు ఎక్కువ కొట్టారు, ఇప్పుడు ఎగుమతికి పనికి రావట్లేదు అని. యూరప్ దేశాలు మన దగ్గరనుంచి వెళ్ళే కరివేపాకుని మందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా పరీక్ష చేస్తాయి. అది విన్నాక నాకు తోచింది ఒకటే, మనం పచ్చిగా నోట్లో వేసుకునే ఆకుకే ఇన్ని మందులు కొడితే ఆ పరీక్షలు చేసేవాళ్ళని తప్పు పట్టలేం. నా గట్టు మీద ఇరవై మొక్కలు పెడతాను, వేపనూనె తప్ప ఇంకేమీ కొట్టను. అది నాకు నేను పెట్టుకున్న షరతు.

మూడో రోజు, దుగ్గిరాల

మావయ్య తెనాలి నుంచి వచ్చి దుగ్గిరాల స్టేషన్లో కలిశాడు. అమ్మకి తమ్ముడు, నలభై ఏళ్ళు పసుపు పండించాడు, నేను చిన్నప్పటి నుంచి ఆయన దగ్గర ఆ వాసనే. "ఏమ్మాయ్, కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నావట" అంటూ నా సంచి తీసుకున్నాడు.

పసుపు యార్డులో కొత్త పంట అప్పుడే రావడం మొదలైంది. వ్యాపారులు కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తున్నారు. తొమ్మిది నెలలు పొలంలో ఉండి, తవ్వి, ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబెట్టి, మెరుగు పట్టించి తెచ్చాక ఆ విరిచిన ముక్క రంగుని బట్టి ధర చెప్తారు. మావయ్యకి ఇక్కడ అందరూ తెలుసు. ఆయన నాకు చూపించాలనుకున్నది మాత్రం యార్డు కాదు, ఊరి బయట ఆయన స్నేహితుడి పొలం.

ఆ పొలంలో సగం కంద తవ్వకం జరుగుతోంది. కంద గురించి నా నోట్‌బుక్‌లో రెండు పేజీలు నిండాయి. వేసేది గజేంద్ర రకం, కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చింది, దురద తక్కువ. అంతకు ముందు నాటు కంద కోసేటప్పుడు చేతులకి చింతపండు పులుసు రాసుకునేవాళ్ళం, నాకు బాగా గుర్తు. వైశాఖం, జ్యేష్ఠంలో నాటితే ఎనిమిది నెలలకి తవ్వుతారు, తొందర లేకపోతే భూమిలోనే ఉంచి ధర వచ్చినప్పుడు తవ్వుకోవచ్చు, ఆకుకూరకి లేని గొప్ప సౌకర్యం అది. అసలు ఖర్చంతా విత్తనానిదే. ఒక్కో ముక్క అరకిలో దాకా ఉండాలి, రెండున్నర అడుగులకొకటి పెడితే ఎకరానికి ఏడు వేలు, అంటే మూడున్నర టన్నుల కంద భూమిలో పెట్టాకే మొదలవుతుంది సాగు. ఎకరం కంద వేసేవాళ్ళు అప్పు చేయకుండా వేయలేరు. "మరి చిన్న రైతు ఏం చేస్తాడు మావయ్యా?" అని అడిగాను. "మొదటి ఏడు అయిదు సెంట్లు వేస్తాడు, అమ్మకుండా మొత్తం విత్తనానికి ఉంచుతాడు, రెండో ఏడు ఇరవై, మూడో ఏడు కావాలంటే ఎకరం. మీ తాత అలాగే చేశాడు. ఓపిక లేనివాడికి కంద పనికిరాదు" అన్నాడు.

కంద పక్కనే నాలుగు బోదెల్లో మామిడి అల్లం ఉంది. చూడ్డానికి అచ్చం పసుపు మొక్కే, ఆకు ఎండిపోయి పడుకుంది. ఒక గడ్డ తవ్వి చేతిలో పెట్టాడు ఆ స్నేహితుడు. విరిచి వాసన చూస్తే పచ్చి మామిడికాయ కోసిన వాసన, అంత స్వచ్ఛంగా. పచ్చడికి, ఊరగాయకి వాడతారు, ఉడకబెట్టే పని లేదు, మెరుగు పని లేదు, తవ్వి కడిగి అలాగే అమ్మేయొచ్చు. పసుపుకి చేసినట్టే చేస్తే చాలు. మరి ఎందుకు నాలుగు బోదెలే వేశారు అంటే ఆయన చెప్పింది సరిగ్గా పూల మార్కెట్ ఆవిడ చెప్పిన మాటే. "విజయవాడలో ఇద్దరు, గుంటూరులో ఒకరు, పచ్చళ్ళు పెట్టే ఆవిడ ఒకరు తెనాలిలో. ఈ నలుగురికీ నా నాలుగు బోదెలు సరిపోతాయి. అయిదో బోదె వేస్తే అది నేను తినాల్సిందే."

ఆ రాత్రి మావయ్య ఇంట్లో అత్తయ్య మామిడి అల్లం పచ్చడి చేసింది, పచ్చిమిర్చి, చింతపండు, కొంచెం బెల్లం వేసి. వేడన్నంలో అది తింటూ ముగ్గురం లెక్క వేశాం. పసుపుకి ఎకరానికి పది క్వింటాళ్ళ దాకా విత్తనం పడుతుంది, ఇదీ అంతే అనుకుంటే అయిదు సెంట్లకి అర క్వింటా చాలు. నాన్న సంగతి కూడా మాట్లాడుకున్నాం, చాలా ఏళ్ళ తర్వాత. ఆ ముస్లి దుంపలు నాటడానికి మావయ్యే వచ్చి సాయం చేశాడట, నాకు తెలియదు. "మీ నాన్న సాగులో తప్పు చెయ్యలేదమ్మా. కొనేవాడి ఊరు, ఇల్లు చూడకుండా వేశాడు, అంతే" అన్నాడు, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాక.

నాలుగో రోజు, తెనాలి, చింతలపూడి

పొద్దున్నే పొన్నూరు మీదుగా చింతలపూడి. తమలపాకుల్లో కపూరి చింతలపూడి అని ఒక రకానికి ఈ ఊరి పేరే ఉంది. ఆకుతోటలోకి అడుగుపెడితే పగలే చీకటిగా, చల్లగా ఉంటుంది, చుట్టూ ఎండాకాలం వాసన మొదలైన పొలాలు, లోపల మాత్రం తడి మట్టి. ముందు అవిశ విత్తి, అది ఎదిగాక మొదట్లో తమలపాకు తీగలు నాటి, తీగని అవిశకి కట్టి పైకి పాకిస్తారు. తీగ బాగా ఎత్తుకి వెళ్ళాక మళ్ళీ కిందికి దించి చుట్టి మట్టి కప్పుతారు. నీళ్ళు తరచుగా పెట్టాలి, ఎక్కువైతే వేరుకుళ్ళు. ఆకు కోసేవాళ్ళ చెయ్యి వేగం చూస్తూ ఉండిపోయాను, చిటికెన వేలంత కాడ వదిలి తుంచడం, లెక్కపెట్టడం, కట్టడం, తడి అరటాకులో చుట్టడం, మాటల్లో ఉండగానే కట్ట తయారు.

ఇరవై, ముప్పై సెంట్లతో ఇల్లు గడుపుకునే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. నాకు కుదరదు, ఈ తోటకి రోజూ మనిషి ఉండాలి, చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి. కానీ అవిశ నా మనసులో పడింది. ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళు ద్వాదశి పారణకి అవిశాకు వెతుక్కుంటారు, విజయవాడలో మా అత్తగారే ప్రతి ద్వాదశికీ మార్కెట్లో అడిగి లేదనిపించుకుని వస్తారు. నెలకి రెండు ద్వాదశులు. కాలవ గట్టు మీద వరసగా అవిశ వేసుకుంటే మరువానికి పడమటి ఎండ కూడా తగ్గుతుంది.

మధ్యాహ్నం తెనాలి. నిమ్మ మార్కెట్ మీదుగా వెళ్ళాం, ఆగలేదు. మావయ్య వాళ్ళ వీధిలో డ్వాక్రా సంఘంలో ఉన్న ఒకావిడ ఇంటి వెనక తాటాకు షెడ్డులో పాల పుట్టగొడుగులు పెంచుతోంది. భూమి లేనివాళ్ళు కూడా చేయగలిగిన సాగు ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకి చల్లదనం కావాలి, పాల పుట్టగొడుగుకి ముప్పై నుంచి ముప్పై అయిదు డిగ్రీల వేడి ఇష్టం, అందుకే మన జిల్లాలకి సరిపోతుంది. వరిగడ్డిని చిన్న ముక్కలు చేసి, నానబెట్టి, ఉడకబెట్టి, చేత్తో పిండితే నీరు కారని తడిలో ఆరనిచ్చి, ప్లాస్టిక్ సంచిలో గడ్డి ఒక పొర, పుట్టగొడుగు విత్తనం ఒక పొర వేస్తుంది. చీకటి గదిలో రెండు మూడు వారాలకి సంచి మొత్తం తెల్లటి బూజు అల్లుకుంటుంది. అప్పుడు సంచిని సగానికి కోసి, ఉడికించిన మట్టి, ఎరువు కలిపి రెండు సెంటీమీటర్ల మందాన పైన పరుస్తుంది. మరో పది రోజులకి మొలకలు. బాగా వస్తే కిలో ఎండుగడ్డికి కిలో దాకా పుట్టగొడుగులు. కోశాక కొన్ని రోజులు నిలవ ఉంటాయి, ముత్యపు చిప్పలా మర్నాటికే నీరుగారిపోవు.

గడ్డి సరిగ్గా ఉడకకపోతే ఆకుపచ్చ బూజు పట్టి సంచులన్నీ పారేయాలి. ఆవిడ మొదటి సారి ముప్పై సంచులు పారేసింది. ఆ సంగతి చెప్తూ కన్నీళ్ళు పెట్టుకుంది, ఎందుకంటే ఆ డబ్బు సంఘం అప్పు. ఇప్పుడు రెండు టిఫిన్ హోటళ్ళు, పాతిక ఇళ్ళు ఆవిడ దగ్గరే తీసుకుంటున్నాయి. ఏ రోజు ఎంత పోతుందో గోడ మీద బొగ్గుతో రాసుకుంది. నా నోట్‌బుక్‌లోని మూడో గడి ఆ గోడ మీద నాకన్నా ముందే ఉంది.

అయిదో రోజు, గుంటూరు, లాం

మిర్చి యార్డు గేటు దగ్గరే కళ్ళు మండాయి. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కనుచూపు మేర ఎరుపు. మా వైపు నుంచి కూడా కొందరు కౌలుకి తీసుకుని మిర్చి వేస్తారు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పూతంతా రాలిపోయినప్పుడు ఆ కుటుంబాలు పడ్డ బాధ చూశాను. ఇక్కడ నేను చూసుకోవాల్సింది ఏమీ లేదు. మావయ్య ఎవరినో పలకరించాలన్నాడని ఆగాం.

లాం వెళ్ళడమే అసలు పని. అమరావతి రోడ్డు మీద వ్యవసాయ విశ్వవిద్యాలయం పక్కనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అక్కడ మిర్చితో పాటు ధనియాలు, మెంతులు, వాము మీద పని చేస్తారు. సింధు, సాధన, స్వాతి, సుధ అనే ధనియాల రకాలు ఇక్కడివే. మా నల్లరేగడికి ఏ తోడూ లేకుండా, నీరు పెట్టకుండా వచ్చే పంటలు ఇవి. అక్టోబర్ చివర, నవంబర్లో నేలలో ఉన్న తేమ మీద విత్తితే మూడు నెలలు, మూడున్నర నెలల్లో చేతికొస్తాయి. విత్తే ముందు ధనియాన్ని రెండు బద్దలుగా నలపాలి, లేకపోతే మొలక సరిగా రాదు, ఇది నాన్నమ్మ చెప్పులతో నలిపి చేసేది, ఎందుకో నాకు ఇన్నాళ్ళకి తెలిసింది. ధనియాలు నిలవ ఉంటాయి, కిరాణా కొట్టు ఏ ఊళ్ళో అయినా కొంటుంది. పెద్ద ధర రాదు, అయినా నేను వారానికి ఒక్కరోజే పొలం చూడగలను కాబట్టి మిగతా ఎకరానికి ఇలాంటి పంటే కావాలి. అక్కడి సైంటిస్టు ఒకరు చాలా ఓపికగా చెప్పారు, నేల పరీక్ష చేయించకుండా ఏమీ వేయొద్దు అన్నారు, మట్టి ఎలా తియ్యాలో కాగితం మీద గీసి చూపించారు.

కొర్రలు, అండుకొర్రల లాంటి చిరుధాన్యాల గురించి కూడా అడిగాను. చిరుధాన్యాలు తినమని చెప్పే ఖాదర్ వలి గారి మాటలు విన్నప్పటినుంచి మా అపార్టుమెంటులో సగం ఇళ్ళల్లో అవే తింటున్నారు. అండుకొర్ర మూడు నెలల లోపే వస్తుంది, నీడనైనా తట్టుకుంటుంది. చిక్కంతా పొట్టు తీయడంలో ఉంది. దగ్గర్లో దానికి తగిన మర లేకపోతే గింజ ఇంట్లో పెట్టుకుని కూర్చోవాలి. మా ఉయ్యూరు చుట్టుపక్కల అలాంటి మర నాకు తెలిసి లేదు. కాబట్టి ఈ ఏడు వద్దు.

తిరుగు దారిలో తాడికొండ వైపు ఒక ప్రకృతి వ్యవసాయం చేసే ఆవిడ పొలం. ఇరవై సెంట్లలో మడులు చేసి పదిహేను రోజులకొక మడి విత్తుతుంది, ఆకుకూర, ముల్లంగి, బీర, బంతి, ఏ రోజు వెళ్ళినా కోసి అమ్మడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఈ పద్ధతికి వీళ్ళు ఏటీఎం అని పేరు పెట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్‌లోని ఒక ఫౌండేషన్ ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చిందని పేపర్లో చదివాను, అప్పుడు అదొక వార్త మాత్రమే. ఈవిడ మడుల మధ్య నిలబడితే ఎందుకిచ్చారో తెలిసింది. మట్టి చేత్తో తీస్తే పొడి పొడిగా, వానపాములతో ఉంది. నాకు కావాల్సిన మాచిపత్రి ఆవిడ బావి గట్టున ఒక గుబురుగా ఉంది, ఎవరూ కొనట్లేదని వదిలేసిందట. విజయవాడలో దాని కోసం వెతుకుతున్నారని చెప్తే నమ్మలేదు. పది పిలకలు తవ్వి తడి గుడ్డలో చుట్టి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. చవితి ముందు ఫోన్ చేస్తానని, ఆవిడ ఆకు కూడా నాతో పాటు మార్కెట్‌కి తీసుకెళ్తానని మాటిచ్చాను.

ఆరో రోజు, మా పొలం

మావయ్య కూడా వచ్చాడు. వరి కొయ్యకాళ్ళు ఎండిపోయి, నేల నెర్రెలిచ్చి ఉంది. కాలవ వైపు కొంచెం మెరకగా ఉన్న చోటు చూసి ఇక్కడే అన్నాడు. పది సెంట్లు ఎలా కొలవాలి అని నేను ఫోన్ తీస్తుంటే, ఆయన సంచిలోంచి నులక తాడు తీశాడు. పాత రోజుల్లో సర్వే వాళ్ళ గొలుసు పొడవు అరవై ఆరు అడుగులు, నాలుగు పక్కలా ఒక్కో గొలుసు పెడితే సరిగ్గా పది సెంట్లు. తాడు మీద అరవై ఆరు అడుగుల దగ్గర ముడి ముందే వేసుకుని వచ్చాడు.

పక్క చేలో ఆడుకుంటున్న పిల్లలు వచ్చి తాడు చివర పట్టుకున్నారు. "అక్కా, ఇది క్రికెట్ పిచ్ అంత ఉంది" అన్నాడు ఒకడు. అడుగులు కొలుచుకుంటూ వెళ్ళి చూశాను, నిజమే, ఇరవై రెండు గజాలు. నాలుగు మూలలా వెదురు పుల్లలు పాతాం. మట్టి పరీక్షకి లాం వాళ్ళు చెప్పినట్టే వంకరగా నడుస్తూ ఎనిమిది చోట్ల జానెడు లోతు తవ్వి, కలిపి, కిలో సంచిలో పోశాను. మాచిపత్రి పిలకల్ని తాత్కాలికంగా బోరు పక్కన నీడలో కుండీల్లో పెట్టాం, పదిలో ఒకటి వాడింది, తొమ్మిది నిలబడ్డాయి.

మరువం కొమ్మల కోసం పెనుమాక ఆవిడకి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం రమ్మంది, రెండు వందల కొమ్మలు తడి గోనెలో కట్టి ఉంచుతానంది.